నాలుగో నెంబరు చెరువు

శవాలు లక్షల్లో ఉన్నాయి. ఒక్కదానికీ పోస్టుమార్టం జరగలేదు.

కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్తే గంగబాబు గారి రొయ్యల చెరువులు వస్తాయి. వాటిలో నాలుగో నెంబరు చెరువు ఒక్క రాత్రిలో పోయింది. తెల్లారేసరికి గట్టు పొడవునా రొయ్యలు ఎర్రబారి తేలి ఉన్నాయి. ఇంకో వారంలో వల దింపి పట్టుబడి చేయాల్సిన సరుకు.

నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆ రాత్రి ఆగిపోయాయి. గాలందక రొయ్యలు చచ్చాయి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

ఎవరు ఆపారు?

మధ్యాహ్నానికల్లా గంగబాబు గారి కంపెనీ ఒక పేరు చెప్పేసింది. ల్యాబ్ టెక్నీషియన్ ఉషారాణి. ఆమె ఐడీ కార్డు నాలుగో చెరువు మోటారు షెడ్డులో దొరికింది. రాత్రి పదకొండున్నరకు ఆమె గట్టు ఎక్కడం వాచ్‌మన్ కళ్లారా చూశాడు. వస్తువు ఉంది, సాక్షి ఉన్నాడు, పగ ఉంది. సాయంత్రానికి ఆమె ఉద్యోగం ఊడింది. పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ పడింది.

పగ ఏమిటంటే, అంతకు రెండు వారాల ముందు ఆమె కంపెనీ మీద కేసు వేసింది. ఆడదాన్ని కాబట్టే ఫీల్డ్ సూపర్‌వైజర్ పోస్టు ఇవ్వలేదని.

అప్పుడు ఊరంతా "రుజువేదీ?" అని అడిగింది. చెరువును ఆమే చంపిందంటే మాత్రం ఆ ఊళ్లో ఒక్కరూ రుజువు అడగలేదు.

*

లక్ష్మీతులసి అమలాపురంలో డిటెక్టివ్. బోర్డు మీద ఇన్వెస్టిగేషన్స్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది కానీ వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల వాకబులే. కువైట్ పెళ్లికొడుక్కి అక్కడ ఇంకో కాపురం ఉందా? దుబాయ్ పెళ్లికొడుకు నిజంగా ఇంజనీరేనా? పన్నెండేళ్లు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేసి బయటికొచ్చిన మనిషి. మాట తక్కువ. కోపం ఎక్కువ.

ఆమెను పిలిపించింది లాయరు వెంకటరమణ. ఆయన ఆఫీసులో ఫ్యాను కింద ఉషారాణి కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవడం మానేసిన ముఖం.

"రెండు కేసులండీ," అన్నాడు లాయరు. "ఒకటి చెరువు కేసు. అది వాళ్లు రుజువు చెయ్యాలి. రెండోది పోస్టు కేసు. అది మనం చెయ్యాలి."

"ఎలా?"

"ఆడదని ఇవ్వలేదని కాగితం చూపించాలి. లేదా సాక్షిని తేవాలి."

"అలాంటిది కాగితం మీద ఎవరు రాస్తారండీ?"

"ఎవరూ రాయరు. అందుకే ఈ కేసులు సాధారణంగా ఎవరూ గెలవరు." లాయరు కోర్టులో కంపెనీ ఇచ్చిన జవాబు చదివాడు. 'మా ఫారంలో స్త్రీలకు ఏ విధమైన అడ్డూ లేదు. చెరువు గట్ల మీదకు ఎవరైనా వెళ్లవచ్చు. ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా రాజ్‌కుమార్‌ను కేవలం ప్రతిభ మీద ఎంపిక చేశాము.' కింద గంగబాబు సంతకం.

తులసి కుర్చీ ఉషారాణి వైపు తిప్పుకుంది.

"సర్వీసెంత?"

"ఏడేళ్లండి."

"రాజ్‌కుమార్‌ది?"

"రెండేళ్లండి. మైక్రోస్కోపు చూడ్డం నేనే నేర్పేను."

"ఆ రాత్రి ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనండి. మా అమ్మ, నేను."

"అమ్మ మాట కోర్టులో నిలబడదు. ఐడీ కార్డు షెడ్డులోకి ఎలా వెళ్లింది?"

"ల్యాబ్ కోటుకే ఉంటాదండి. సాయంత్రం కోటు అక్కడే తగిలించి వచ్చేస్తాను."

"ల్యాబ్ తాళాలు?"

"ఒకటి నా దగ్గర. ఇంకోటి రాజ్‌కుమార్ దగ్గర."

"పోస్టు ఎందుకివ్వలేదో ఓనరు నోటితో చెప్పేరా?"

"చెప్పేరండి. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు. 'నువ్వు బంగారం లాంటి పిల్లవమ్మా, కానీ గట్టు సంగతి నీకు తెల్సుగా' అన్నారు."

"గట్టు సంగతేంటి?"

ఉషారాణి లాయరు వైపు చూసి తల దించుకుంది.

"ఆడోళ్లు ఎక్కకూడదండి. ఎవరూ పైకి చెప్పరు. చేరిన రోజు నించీ అందరికీ తెల్సు."

"ఎక్కితే ఏం చేస్తారు?"

"తెలీదండి. నేనుండగా ఎవరూ ఎక్కలేదు."

"మరి నీళ్ల టెస్టులు?"

"సీసాల్లో పంపుతారండి, చెరువు నెంబరేసి. నేను ల్యాబ్‌లోనే చూసి చెప్తాను. ఈ మచ్చ పోకపోతే నన్ను ఏ ఫారం వాళ్లూ గేటు దాటి రానివ్వరండి. చేతిలో ఉన్న విద్య ఇదొక్కటే."

*

గంగబాబు మర్యాదస్తుడు. తులసి స్కూటీ ఆగకముందే కొబ్బరిబోండం కొట్టించాడు.

"దాచడానికేముందమ్మా? ఫారమంతా చూసుకోండి. ఆ అమ్మాయి మా ఇంటి పిల్లలాంటిది. ఇలా చేస్తాదని కలలో కూడా అనుకోలేదు."

"మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"తెల్లారి ఐదున్నరకి. రాజ్‌కుమార్ ఫోన్ చేసి చెప్పేడు. చెరువు పోయిందండీ, రాత్రి ఉషారాణి గట్టెక్కిందంట, వాచ్‌మన్ చూసేడంట అని. పోలీసోళ్లకీ అదే రాసిచ్చేం."

"ఐదున్నరకే ఆవిడ పేరు చెప్పేడా?"

"ఆయ్. అప్పుడే."

రాజ్‌కుమార్ పక్కనే నిలబడ్డాడు. పాతికేళ్ల కుర్రాడు. సూపర్‌వైజర్ అని రాసిన కొత్త టోపీ పెట్టుకున్నాడు.

"ఆ రాత్రి డ్యూటీ మీదేనా?"

"ఆయ్, నాదేనండి."

"మెలకువగానే ఉన్నారా?"

"ఉన్నానండి."

"మరి ఏరియేటర్లు ఆగితే వినపడలేదా?"

"అటు పక్క చెరువుల దగ్గర ఉన్నానండి."

తులసి బోండం కింద పెట్టి గట్టు వైపు నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో వాచ్‌మన్ ముత్యాలరాజు అడ్డం వచ్చాడు. అరవై దాటిన మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఎండగా ఉందండి. ఆఫీసులో కూర్చోండి."

"ఎండ నాకలవాటే బాబాయ్ గారూ."

"బురదండి. జారిపోతారు."

"జారితే లేస్తాను."

"పాములుంటాయండి."

ఎండ చెప్పాడు, బురద చెప్పాడు, పాములు చెప్పాడు. ఆడవాళ్లు అన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. తులసికి ఒళ్లు మండింది. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు ఎక్కేసింది.

ఆరో చెరువు దగ్గర వల విప్పుతున్న మనుషులు ఆగిపోయారు. ఒక్కరూ ఆమె ముఖం చూడలేదు. అందరూ ఆమె పాదాలే చూశారు.

నాలుగో చెరువులో చచ్చిన రొయ్యల్ని ఎత్తేశారు, పైకి మిగతా చెరువుల్లాగే ఉంది. మోటారు షెడ్డు కొసన ఉంది. తులసి స్టార్టర్ డబ్బా తెరిచి చూసింది.

"కరెంటు పోతే ఏమవుద్ది?"

"మోటార్లు ఆగిపోతాయండి," అన్నాడు రాజ్‌కుమార్.

"తిరిగొస్తే వాటంతటవే తిరుగుతాయా?"

"లేదండి. మిగతా చెరువులకి ఆటో స్టార్టర్లున్నాయి. దీనికొక్కదానికే చేత్తో నొక్కాలి."

"ఆ రాత్రి కరెంటు పోయిందా?"

"పోలేదండి."

ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వచ్చింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆరో చెరువు మనుషులు వల మళ్లీ చుట్టేస్తున్నారు.

"పట్టుబడి ఇవాళ కాదా?"

"రేట్లు బాలేవండి," అన్నాడొకడు నేల చూపులు చూస్తూ.

గేటు దాటాక తులసి స్కూటీకి ముందు ఒక ఐసు లారీ వెళ్తోంది. నిండు లోడు. వెనక నుంచి నీళ్లు కారుతూ రోడ్డు పొడవునా తడి గీత పడుతోంది. ఎదురుగా బైకు మీద ఒకడు ఫారం వైపు వస్తున్నాడు. హ్యాండిల్‌కి కాళ్లు కట్టిన కోడి వేలాడుతోంది.

రేట్లు పడిపోతే కోడి ఎందుకు?

*

సబ్‌స్టేషన్‌లో ఐదు నిమిషాల పని. ఆ రాత్రి ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆ లైను మీద కరెంటు లేదు. కాట్రేనికోనలో అది అందరికీ తెలుసు, దోమలు నిద్రపోనివ్వలేదు కాబట్టి. ఒక్క రాజ్‌కుమార్‌కే తెలియదు. ఎందుకు తెలియదో ఊహించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

కానీ నిద్రపోయాడని తేలితే సరిపోదు. ఉషారాణి రాలేదని తేలాలి. రాని మనిషి రాలేదని ఎలా చూపించడం?

టీ బడ్డీ దగ్గర ఐసు లారీ ఆగి ఉంది. డ్రైవరు విసుగ్గా టీ తాగుతున్నాడు.

"లోడు తిప్పేసేరేంటి తమ్ముడూ?"

"మీరు ఎక్కేరు కదండీ."

"నేనెక్కితే?"

"గట్టు మీద ఆడోళ్ల కాలు పడితే మూడ్రోజులు వల దింపరండి. ఏ చెరువులోనూ. పసుపునీళ్లు జల్లి, గంగమ్మకి కోడిని కోస్తారు. సెంటిమెంటండి. ఇదివరకు బ్యాంకు మేడమ్ ఒకావిడ తెలీక ఎక్కేసినప్పుడూ ఇంతే. నా ఐసంతా నీళ్లే."

"ఎవరి మాట అది? పనివాళ్లదా, ఓనరుదా?"

"ఏమోనండి. ఎవరూ పైకి అనరు. వల మాత్రం లేచిపోద్ది."

తులసి టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాలుగో చెరువు పోయిన రోజు మీరొచ్చేరా?"

"ఆయ్, వచ్చేనండి. ఆ రోజు ఐదో చెరువు పట్టుబడి. పొద్దున్నే ఏడింటికి వల దింపేరు. లోడెత్తుకుని వెళ్లిపోయేను. గంగబాబు గారు స్టేటస్ కూడా పెట్టేరు, చూడండి." డ్రైవరు ఫోన్ ఇచ్చాడు. గంగబాబు గట్టు మీద నిలబడి, రెండు చేతుల నిండా రొయ్యలు పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక నీళ్లలో వల.

తులసి ఆ ఫోటో తన ఫోన్‌కి పంపించుకుంది. డ్రైవరు టీ డబ్బులు కూడా ఆమే ఇచ్చింది.

*

గంగబాబు రాజీకి కబురు పెట్టాడు. ఉషారాణి పోస్టు కేసు వదులుకుంటే తాను చెరువు కేసు వదులుకుంటాడట. మాట్లాడుకుందాం రమ్మన్నాడు. తులసి నాలుగో రోజు పొద్దున్న వస్తామంది. మూడు రోజుల మైల తీరి ఆరో చెరువుకు వల దించే పొద్దు అది.

ఐసు లారీ గేటు దగ్గర ఉంది. గట్టు కింద టార్పాలిన్ వేసుకుని రొయ్యల్ని సైజుల వారీగా గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లు రోజూ అక్కడే కూర్చుంటారు. రొయ్యలు కిందికి వస్తాయి, వాళ్లు పైకి వెళ్లరు. గట్టు మీద మనుషులు వల సర్దుకుంటున్నారు. గట్టు కిందనే గంగబాబు కుర్చీలు వేయించాడు. తులసి, లాయరు, ఉషారాణితో పాటు ఎస్సై కూడా వచ్చాడు. లాయరు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"రికార్డింగ్ ఎందుకండీ లాయరు గారూ? మనలో మనం," అన్నాడు గంగబాబు.

"అబద్ధం లేకపోతే మీకు నష్టమేముందండీ?" అంది తులసి. "ఒక్క ప్రశ్న. ఉషారాణి గట్టెక్కిందని మీకు ఐదున్నరకు తెలిసింది. అంతేనా?"

"ఆయ్. రాసిచ్చేను కదమ్మా."

"ఏడింటికి ఐదో చెరువులో వల దింపేరు."

"దింపేం. అయితే?"

తులసి తన ఫోన్‌లో ఫోటో తీసి ఎస్సైకి చూపించింది.

"మొన్న నేను గట్టెక్కేను సార్. మూడు రోజులు ఈ ఫారంలో వల తడవలేదు. నిండు ఐసు లారీ వెనక్కి పోయింది. కోడి కోసేరు. అంతకుముందు బ్యాంకు ఆవిడ ఎక్కినప్పుడూ ఇదే జరిగింది. మరి ఉషారాణి గట్టెక్కి, షెడ్డులోకి వెళ్లి, చెరువును చంపిపోయిందని తెలిసిన గంటన్నరకు ఇక్కడ పండగలా పట్టుబడి చేసేరు. పసుపునీళ్లు లేవు, కోడి లేదు. ఎందుకని?"

ఎస్సై ఫోటోను పెద్దది చేసి చూశాడు.

"ఎందుకంటే ఆ రాత్రి ఏ ఆడదీ గట్టెక్కలేదని ఇక్కడ అందరికీ తెలుసు. ఉషారాణి పేరు మధ్యాహ్నం పుట్టింది. దాన్ని వెనక్కి జరిపి ఐదున్నర అని రాసేరు. అబద్ధం బాగానే అల్లేరు. ఆ అబద్ధానికి మైల పట్టడం మాత్రం మర్చిపోయేరు."

ఆమె ముత్యాలరాజు వైపు తిరిగింది.

"బాబాయ్ గారూ, నేను పట్టపగలు నాలుగడుగులు వేస్తే మూడు సాకులు చెప్పి ఆపేరు. ఆ రాత్రి ఆవిణ్ణి చూస్తూ ఊరుకున్నారా?"

ముసలాయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నేను చూళ్లేదండి. సంతకం పెట్టమన్నారు. పెట్టేను."

"కార్డు?"

రాజ్‌కుమార్ టోపీ తీసేశాడు.

"నేనే పెట్టేనండి. కరెంటు పోయినట్టు నాకు తెలీలేదు. నిద్రపట్టేసింది. లేచి చూసేసరికి అంతా తేలిపోయి ఉన్నాయండి. సార్‌కి నిజమే చెప్పేను. సారే..." అతను ఆగిపోయాడు. ఎస్సై గంగబాబు వైపు చూశాడు.

గంగబాబు ఏమాత్రం తొణకలేదు.

"సరేనమ్మా. కుర్రాడు, తప్పు చేసేడు. నేనూ కంగారు పడ్డాను. పోలీసు కేసు ఇవాళే వెనక్కి తీసేసుకుంటాను. ఉషారాణిని రేపట్నించే ల్యాబ్‌కి రమ్మనండి."

"రాజ్‌కుమార్ సంగతి?"

"ఇంకో అవకాశం ఇవ్వాలి కదండీ. నేర్చుకుంటాడు."

లక్షల రొయ్యల్ని నిద్రలో చంపినవాడు నేర్చుకుంటాడు. అతనికి నేర్పినామె సీసాలు కడుక్కోవాలి.

"అంటే ఆ పోస్టు ఉషారాణికి ఇవ్వరు."

"మెరిట్ మీద ఇచ్చింది అది. ఆడా మగా తేడా మాకు లేదమ్మా."

"మరి మైల?"

"అది పనివాళ్ల సెంటిమెంటు. నాది కాదు. నేను చదువుకున్నవాణ్ణి. వాళ్లు వల దింపనంటే బలవంతం చేస్తానా? కావాలంటే కోర్టులో రుజువు చేసుకోండి."

లాయరు ముఖం వాడిపోయింది. తులసి ఆయన వైపు చూడలేదు. ఆమె ఎదురుచూస్తున్న మాట అదే.

"మీకు సెంటిమెంటు లేదు. ఎవరైనా ఎక్కవచ్చు. అంతేనా?"

"అంతే."

"ఉషారాణి గారూ, ఎక్కండి."

ఉషారాణి కదల్లేదు. తులసి మళ్లీ చెప్పలేదు. కాసేపటికి ఉషారాణి చెప్పులు విప్పింది. కొంగు నడుముకి దోపుకుంది. అడ్డం వచ్చిన ముత్యాలరాజు ఎస్సైని చూసి పక్కకు జరిగాడు. ఆమె చేతులు మట్టికి ఆనించి, జారుతూ, గట్టు పైకి ఎక్కి నిలబడింది.

వల పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి. పనివాళ్లు ఆమెను చూడలేదు. గంగబాబును చూశారు.

"మీ మాట కోసం చూస్తున్నారండీ," అంది తులసి. "వల దింపమనండి. ఒక్క మాట. అది మీ నోటి నుంచి వస్తే పోస్టు కేసు ఇక్కడే వదిలేస్తాం."

గంగబాబు లారీ వైపు చూశాడు. లారీ కింద ఐసు నీళ్లు మడుగు కట్టాయి. టార్పాలిన్ కింద నుంచి నూకాలమ్మ అనే గ్రేడింగ్ ఆవిడ లేచి నిలబడింది.

"దిగవే తల్లీ. నీకు పుణ్యముంటాది. మా కూలి పోతాది. నువ్వు చదువుకున్నదానివి, నీకేం, ఎక్కడైనా బతుకుతావు. మా పొట్ట మీద కొడతావేంటే?"

మిగతా ఆడవాళ్లు కూడా అందుకున్నారు. గంగబాబును ఒక్కరూ ఒక్క మాట అనలేదు. శాపనార్థాలన్నీ గట్టు మీద నిలబడ్డ ఆడదానికే. ఉషారాణి దిగలేదు.

గంగబాబు మర్యాద అక్కడితో అయిపోయింది.

"వల తీసేయండ్రా," అని అరిచాడు. "ఎవడూ నీళ్లలో దిగడానికి వీల్లేదు. ఒరే ముత్యాలూ, నిలబడి చూస్తావేంట్రా? పసుపు కలుపు."

వల పైకి లేచింది. ముత్యాలరాజు పరుగెత్తి బకెట్టు తెచ్చాడు. అది ముందే సిద్ధంగా ఉన్నట్టుంది. ఉషారాణి పాదాల చుట్టూ, ఆమె అక్కడ లేనట్టే, పసుపునీళ్లు జల్లడం మొదలుపెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. జల్లడం మాత్రం ఆపలేదు.

లాయరు ఫోన్ దించాడు.

"ఇది చాలా?" అని అడిగింది తులసి.

"ఓనరు గొంతు పడింది. చెరువు కేసు పోయినట్టే. పోస్టు కేసు..." ఆయన చేతులు తిప్పాడు. "రెండేళ్లు పట్టవచ్చు. మూడు కూడా పట్టవచ్చు. సెంటిమెంటు వేరు, పోస్టు వేరు అని వాదిస్తారు. కానీ ఇప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు."

"అప్పటిదాకా ఆవిడేం తినాలి?"

దానికి లాయరు దగ్గర సెక్షన్ ఏదీ లేదు.

తులసి చెప్పులు విప్పి తనూ గట్టు ఎక్కింది. మైల ఎలాగూ పట్టింది, ఇంకో రెండు పాదాలతో పెరిగేదేమీ లేదు. ఉషారాణి నీళ్ల వైపు చూస్తోంది. దూరం దాకా చెరువులు. మధ్యలో సన్నటి గట్లు, అటు చివర కొబ్బరి చెట్లు, వాటి వెనక సముద్రం మీద వెలుగు. ఏడేళ్లు ఆ నీళ్లకు ఏ రోగం వచ్చిందో చెప్పింది ఆమే. చెరువు చంపిందని స్టేషన్‌లో గంటలు గంటలు నిలబెట్టింది కూడా ఆమెనే.

ఆమె కళ్లు ఒక చెరువు మీద నుంచి ఇంకో చెరువు మీదకు జరిగాయి. వెతుకుతున్నాయి.

"మేడమ్ గారూ," అంది మెల్లిగా. "వీటిల్లో నాలుగో నెంబరు ఏదండీ?"

తులసి జవాబు చెప్పేలోపే, కింద నిలబడ్డ రాజ్‌కుమార్ తల ఎత్తకుండా చెయ్యెత్తి చూపించాడు.